కాగితమును నమ్ముకొన్న న్యాయవాది
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవమున నన్నొక ప్రసంగము చేయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో నేను నాలుగు మాటలు చెప్పుదునని వారు తలచి యుందురు. నేను పండితుడను గాను. గురుముఖమున చదివినవాడను గాను. పగటిపూట సంఘపు చిట్టాలు, ఆవర్జాలు వ్రాసికొని, రాత్రివేళ నిఘంటువును ప్రక్కన బెట్టుకొని కవిత్రయమును కూడబలుకుకొన్నవాడను. మా యింట తరతరములుగ పట్వారీగిరి యుండెను. 1984లో ప్రభుత్వమువారు ఆ పదవులను రద్దు చేసినప్పుడు నేను బడిపిల్లవాడను. పదవి పోయినను లెక్కల రోగము నన్ను వదలలేదు. సుమతి శతకకారుడు లెక్కలు వ్రాయువారిని ఎంతగ ఎత్తిపొడిచెనో మీకందఱకును తెలియును. ఆయన మాటలో కొంత నిజమున్నదని ఈ ప్రసంగము ముగియు సరికి మీరును ఒప్పుకొందురేమో!

నేడు నేను చెప్పబోవునది ఒక ముస్లిము న్యాయవాదిని గూర్చి. ఆయన మన జిల్లావారు గారు, మన రాష్ట్రమువారును గారు. 1930 సెప్టెంబరు 16న బొంబాయిలో పుట్టి, 2024 ఆగస్టు 29న ఆ నగరముననే తొంబదిమూడేండ్ల వయస్సున కన్నుమూసిరి. పేరు అబ్దుల్ గఫూర్ మజీద్ నూరానీ. పత్రికలలో ఏ.జి. నూరానీ అని వచ్చెడిది. ఆయనకును మన గ్రంథాలయమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధమున్నది. అది మన బీరువాలో మూడేండ్లు తాళము క్రింద నుండెను. తాళపుచెవి నాయొద్దనే యుండెను. ఆ సంగతి తరువాత విన్నవింతును. ముందు మనిషిని గూర్చి వినుడు.

బొంబాయిలో సెయింట్ మేరీ పాఠశాలయందును, ప్రభుత్వ న్యాయ కళాశాలయందును చదివి, నూరానీగారు బొంబాయి హైకోర్టునందును, పిమ్మట సుప్రీముకోర్టునందును వాదించు న్యాయవాది యైరి. షేక్ అబ్దుల్లాగారు నిర్బంధమున నున్న కాలమున వారి పక్షమున నిలిచిన న్యాయవాదులలో ఈయన ఒకరు. కరుణానిధిగారి పక్షమునకూడ ఒక వ్యాజ్యమున బొంబాయి హైకోర్టున వాదించిరి. కాని దేశమునకు ఆయన తెలిసినది వకాల్తాల వలన గాదు, వ్రాతల వలన. ఇంగ్లీషు పత్రికలలో, ముఖ్యముగ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీయందును, ఫ్రంట్‌లైన్‌నందును, దశాబ్దముల కాలము రాజ్యాంగ విషయములను, పౌరహక్కులను, కాశ్మీరమును, పొరుగుదేశముల తగాదాలను గూర్చి వ్రాయుచు వచ్చిరి. సరిహద్దుకు ఆవల కరాచీలో వెలువడు డాన్ పత్రికలోను ఆయన వ్యాసములు వచ్చెడివి.

న్యాయశాస్త్రము చదివినవారు కలము పట్టుట మనకు క్రొత్త గాదు. టంగుటూరి ప్రకాశముగారు బారిష్టరీ విడిచి స్వరాజ్య పత్రిక నడపిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివియే 1926లో గోలకొండ పత్రికను పెట్టిరి. మాడపాటి హనుమంతరావుగారు వకీలుగ నుండియే మన తెలంగాణమున గ్రంథాలయములను, ఆంధ్రోద్యమమును పెంచిరి. వీరందఱును కోర్టుగడప దిగి ఉద్యమమున ప్రవేశించినవారు. నూరానీగారి త్రోవ వేఱు. ఆయన ఉద్యమ నాయకులు గారు, పదవులలో కనబడినవారు గారు. కోర్టునే పత్రికలోనికి తెచ్చిరి. వ్యాసమనగా ఆయనకు ఒక దావా. పాఠకుడు న్యాయమూర్తి. ప్రతి మాటకును ఒక దస్తావేజు దాఖలు కావలెను.

ఆయన వ్యాసమును చదువుట సులభము గాదు. ఎవరైన మంత్రియో నాయకుడో ఒక మాట అన్నారని మొదలుపెట్టుదురు. వెంటనే, అదే మనిషి పదునైదేండ్ల క్రిందట వ్రాసిన ఉత్తరమును తీయుదురు. ఆ ఉత్తరమునకు వచ్చిన జవాబును తీయుదురు. తేదీ వేయుదురు. ఆ దినమున శాసనసభలో జరిగిన చర్చను జతపరచుదురు. మన మలసిపోవుదుముగాని ఆయన అలయరు. నాబోటివానికి ఆ అలసటలోనే ఒక సుఖము గలదు. ఎందుకనగా మా వృత్తిలో రసీదు లేని ఖర్చు ఖర్చు గాదు. సంఘాధ్యక్షుడు స్వయముగ చెప్పినను సరే, దేవుడి మీద ప్రమాణము చేసినను సరే, కాగితము లేనిదే పద్దు పడదు. నూరానీగారును అట్టివారే యని నాకు తోచినది.

పుస్తకములు చాల వ్రాసిరి. అన్నింటి పేర్లు చదివి మిమ్ములను విసిగింపను. ముప్పదినాలుగేండ్ల ప్రాయమున, 1964లో, కాశ్మీర సమస్యపై పుస్తకము ప్రకటించిరి. 1973లో మంత్రుల అవినీతిని విచారించిన సంఘముల కథను వ్రాసిరి. బాబ్రీ మసీదు వివాదమునకు సంబంధించిన పత్రములను 2003లో రెండు సంపుటములుగ కూర్చిరి. భారత ముస్లిములను గూర్చిన పత్రసంపుటము మఱొకటి ఆ యేడే వెలువడెను. ఆయనను కేవలము ముస్లిముల పక్షమున వ్రాసిన రచయితగ తలచువారు కలరు. భారత చైనా సరిహద్దును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును వారు చూడవలెను. 1954లో మన ప్రభుత్వము పాత పటములను మార్చించి, అంతవఱకు నిర్ణయము గాని హద్దును నిర్ణయమైనట్లు గీయించెనని, ఆ గీత తరువాతి సంప్రదింపులకు అడ్డమైనదని ఆయన వాదించిరి. నెహ్రూగారిపై ఆయనకు గౌరవ మెక్కువ. అయినను ఆ పద్దును నెహ్రూగారి పేరనే వ్రాసిరి.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముందునకు పోవుదును. 1969లో ఆయన బదరుద్దీన్ త్యాబ్జీగారి జీవితమును వ్రాసిరి. 1887లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన ఆ త్యాబ్జీగారే, న్యాయమూర్తిగ నున్నప్పుడు, 1897లో రాజద్రోహ నేరముపై పట్టుబడిన తిలకుగారికి జామీను ఇచ్చిరి. మఱల 1916లో తిలకుగారిపై చర్య తీసికొన్నప్పుడు హైకోర్టులో వాదించి గెలిపించినవాడు జిన్నా. ఆ జిన్నాయే తరువాతి కాలమున ఏమైనాడో మనకు తెలియును. తిలకు, జిన్నాల స్నేహమును గూర్చి నూరానీగారు 2010లో ప్రత్యేకముగ ఒక పుస్తకమే వ్రాసిరి. మనుష్యులను ఒకే రంగుతో పూయరాదన్న పట్టుదల ఆయనకు మొదటినుండియు నుండెను. తనకు నచ్చనివారి విషయమున మాత్రము ఆ పట్టుదలను తఱచుగ మఱచెడివారని నా యభిప్రాయము. ఆయన కలము కఱకు. ఎదుటివానిని ఓడించిన పిదపకూడ రెండు దెబ్బలు అదనముగ వేయు అలవాటు ఆయనకు కలదు.

ఆయన గ్రంథములలో నా మనస్సును పట్టినది 1996లో వచ్చిన భగత్‌సింగు విచారణ కథ. భగత్‌సింగు కథ మనకు నాటకములలో, బుఱ్ఱకథలలో తెలిసినదే. ఉరికంబము నెక్కు ఘట్టము వచ్చునప్పుడు సభయంతయు కంట తడిపెట్టును. నూరానీగారు కంట తడిపెట్టింపరు. విచారణ ఎట్లు జరిగినదో చూపుదురు. లాహోరు కుట్రకేసు 1929లో మేజిస్ట్రేటు ముందర మొదలైనది. ముద్దాయిలు చెరసాలలో నిరాహారదీక్ష పట్టిరి. జతీన్ దాస్ అఱువదిమూడు దినములు ఉపవసించి 1929 సెప్టెంబరు 13న ప్రాణము విడిచెను. కోర్టుకు రాలేని ముద్దాయిల పరోక్షమున విచారణ సాగించుటకు ప్రభుత్వము కేంద్ర శాసనసభలో ఒక బిల్లు తెచ్చెను. దానిని నిలువున చీల్చి మాటలాడినవారిలో మొదట చెప్పదగినవాడు మఱల ఆ జిన్నాయే. శాసనసభలో పని జరుగదని తెలిసికొని రాజప్రతినిధి ఇర్విన్ 1930 మే 1న ఒక ఆర్డినెన్సు జారీ చేసి, ముగ్గురు న్యాయమూర్తులతో ప్రత్యేక న్యాయస్థానమును పెట్టెను. దాని తీర్పుపై హైకోర్టునకు అప్పీలు లేదు. ముద్దాయిలు లేకున్నను విచారణ సాగవచ్చును. ఆర్డినెన్సు ఆయువు ఆఱు మాసములు.

మే 12న, న్యాయస్థానముననే, పోలీసులు ముద్దాయిలను కొట్టిరి. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరగు ఆగా హైదర్‌గారు, ఆనాటి ఉత్తరువుతో తనకు సంబంధము లేదని కాగితముపై వ్రాసి పెట్టిరి. ఫలితమేమి? జూన్ 21న న్యాయస్థానమును మార్చి వేసిరి. క్రొత్త న్యాయస్థానమున ఆగా హైదర్‌గారు లేరు! అక్టోబరు 7న తీర్పు వెలువడెను. 1931 మార్చి 23న ముగ్గురిని ఉరితీసిరి. సాండర్సును ఎవరు కాల్చిరన్నది నూరానీగారి ప్రధాన ప్రశ్న గాదు. కాల్చినవానికైనను న్యాయముగ విచారింపబడు హక్కు కలదా లేదా యన్నదే ఆయన ప్రశ్న.

దీనిని చదివినప్పుడు నాకు సభాపర్వము జ్ఞప్తికి వచ్చినది. ద్రౌపది సభలో కన్నీరు మాత్రమే పెట్టలేదు. ఒక ప్రశ్న వేసెను. ధర్మరాజు తన్ను తాను ఓడిన పిదప నన్ను ఒడ్డుటకు అతనికి అధికార మెక్కడిదని అడిగెను. అది వ్యవహారశాస్త్రపు ప్రశ్న. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. జవాబు చెప్పినవాడు కౌరవులలో చిన్నవాడైన వికర్ణు డొక్కడే. అతనిని కర్ణుడు అదలించి కూర్చుండబెట్టెను. వికర్ణుని మాట వలన ఆ దినమున ఏమియు మాఱలేదు. వ్యాసులవారు మాత్రము దానిని వ్రాసి యుంచిరి. లాహోరున ఆగా హైదర్‌గారి కాగితము అట్టిది. దానిని తవ్వి తీసి మనకు చూపినవారిలో నూరానీగారొకరు.

ఓడిన వాదములంటే ఆయనకు భయము లేకుండెను. మున్నూట డెబ్బదవ అధికరణమును గూర్చి 2011లో ఒక పెద్ద గ్రంథము వ్రాసిరి. 1954 నుండి రాష్ట్రపతి ఉత్తరువుల మీద ఉత్తరువులు వేసి దానిని లోపలినుండి డొల్ల చేసిరని, జమ్మూకాశ్మీర రాజ్యాంగసభ తన పని ముగించుకొని చెదరిపోయిన పిదప అట్టి ఉత్తరువులకు సమ్మతి నిచ్చు అధికారము ఎవరికిని లేదని ఆయన వాదము. 2019 ఆగస్టు 5న కేంద్ర ప్రభుత్వము ఆ ప్రత్యేక ప్రతిపత్తిని తొలగించెను. 2023 డిసెంబరు 11న సుప్రీముకోర్టు ఆ చర్యను సమర్థించెను. ఆ తీర్పు వచ్చిన పిదప నూరానీగారు తొమ్మిది మాసములైనను బ్రతుకలేదు. కాశ్మీర విషయమున ఆయన అభిప్రాయములను నేను ఒప్పుకొనను. ఈ సభలో పెక్కుమంది ఒప్పుకొనరు. కాని ఆయన చూపిన పత్రములను చదువకుండ కాదనుటకు నాకు నోరు రాదు. లెక్క తప్పని చెప్పగోరువాడు ముందు ఆవర్జాను తెఱచి చూడవలెను గదా!

ఇక బీరువా సంగతి.

2021లో పట్నమున చదువుకొన్న మన ఊరి యువకుడొకడు గ్రంథాలయమునకు కొన్ని పుస్తకములు బహూకరించెను. అందులో నూరానీగారు 2013లో ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథ మొకటి యుండెను. హైదరాబాదు విధ్వంసము అని దాని పేరును తెలుగున చెప్పవచ్చును. 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒడంబడిక మొదలు 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించుట, 17న నిజాము లొంగిపోవుట, ఆ పిదప జరిగినది, అన్నియు అందులో కలవు. పేరు విన్నంతనే కార్యవర్గ సమావేశమున గొడవ పుట్టెను. ఈ గ్రంథాలయమునకు స్థలమిచ్చిన పెద్దయ్యగారు ముందు వరుసలో కూర్చుండి యున్నారు. వారి అనుమతితోనే ఇది చెప్పుచున్నాను. వారి చిన్నాయనను 1948లో రజాకార్లు చంపిరి. పెద్దయ్యగారికి అప్పుడు ఎనిమిదేండ్లు. "ఇది నా జాగాల ఉండొద్దు పంతులూ" అని వారనిరి. కాదనుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. ఉంచుడనియు, తీసివేయుడనియు తీర్మానము కాలేదు. పుస్తకమును నాకప్పగించిరి. నేను దానిని జమాపుస్తకమున ఎక్కింపలేదు, ఇచ్చినవానికి తిరిగి యీయనూ లేదు. బీరువా అడుగు అఱలో పెట్టి తాళము వేసితిని. వచ్చిన వస్తువును జమ కట్టకుండ దాచుట నా వృత్తిలో ఏమనబడునో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

నూరానీగారు పోయిరన్న వార్తను పత్రికలో చదివిననాడు నాకు సిగ్గు వేసినది. పుస్తకమును ఇంటికి గొనిపోయితిని. నిఘంటువుతో చదువుటకు నాకు నలువది రాత్రులు పట్టినది.

ముందుగ ఒక సంగతి స్పష్టముగ చెప్పవలెను. నిజాము పాలన పోవలసినదే. మన ఊళ్లలో వెట్టి చేసినవారి బిడ్డలు ఇచ్చట కూర్చుండి యున్నారు. నూరానీగారును నిజాము మొండితనమును దాచలేదు, రజాకార్ల నాయకుడగు కాశీం రజ్వీని మన్నింపలేదు. ఆ రజ్వీయును లాతూరున వకీలే. న్యాయశాస్త్రము చదివినంతనే న్యాయము వచ్చునన్న భ్రమ అక్కఱలేదు. ఆ రజాకార్లు మొదట పొట్టన పెట్టుకొన్నవారిలో ముస్లిములును కలరు. భారతదేశమున విలీనము కావలెనని వ్రాసినందుకు ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖానును 1948 ఆగస్టులో నఱికి చంపిరి. ఇవన్నియు మనము ఏటేట చెప్పుకొనుచునే యున్నాము, చెప్పుకొనవలెను కూడ.

గ్రంథమున నాకు లోటుగ తోచినదియు చెప్పుదును. కథ ఢిల్లీ, కరాచీ, కింగుకోఠీల నడుమ తిరుగును. దొర గడీ ముందర చేతులు కట్టుకొని నిలిచిన మనిషి, సంఘములో చేరి గుత్ప పట్టిన మనిషి, నాకు తృప్తి కలుగునంతగ అందులో కనబడరు. బొంబాయి న్యాయవాది రాజ్యముల ఉత్తరప్రత్యుత్తరములు చదివినంత శ్రద్ధగ మన ఊళ్ల గోడు వినలేదని నా ఫిర్యాదు.

కాని ఆ పుస్తకపు చివరన ఒక పత్రమున్నది. సైనికచర్య ముగిసిన పిదప పండిత సుందరలాల్‌గారు, ఖాజీ అబ్దుల్ గఫార్‌గారు, మౌలానా అబ్దుల్లా మిస్రీగారు ప్రభుత్వము కోరికపై రాజ్యమున తిరిగి చూచిరి. సుందరలాల్‌గారు భారతమున ఆంగ్లేయుల రాజ్యమును గూర్చి వ్రాసిన హిందీ గ్రంథమును తెల్లదొరలు నిషేధించి యుండిరి. గఫార్‌గారు హైదరాబాదున పయాం అను ఉర్దూ పత్రికకు సంపాదకులుగ నుండినవారు. 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వఱకు పదునాఱు జిల్లాలలో తొమ్మిదింటిని, 21 పట్టణములను, 23 గ్రామములను చూచి, తాము వెళ్లలేకపోయిన మఱి 109 గ్రామములనుండి వచ్చిన అయిదువందలమందికి పైబడినవారిని అడిగి, నివేదిక వ్రాసిరి. సైనికచర్య కాలమునను, ఆ పిదపను చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేలనుండి 40 వేలవఱకు ఉందురని అందులో తేల్చిరి. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఘోరము ఎక్కువ. ఆ నాలుగింటనే 18 వేలకు తక్కువ గాదని వ్రాసిరి. అవి నేడు మహారాష్ట్రమునను కర్ణాటకమునను ఉన్నవి. మఱి మన సంగతి యేమి? ఔరంగాబాదు, బీడు జిల్లాలతో కలిపి మన నల్లగొండ, మెదకు జిల్లాలను చెప్పి, అక్కడ కనీసము 5 వేలని వ్రాసిరి.

ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. పటేలుగారికి అది నచ్చలేదు. దశాబ్దములు అది సామాన్యులకు దొరకని కాగితముగ నుండెను. నూరానీగారు 2001లో ఫ్రంట్‌లైన్‌లో దానిని గూర్చి వ్రాసి భాగములు ప్రకటించిరి, 2013లో ఈ గ్రంథమున పూర్తిగ అచ్చువేసిరి. ఆయన జీవితమున చేసిన పనులలో నాకు పెద్దది ఇది. తన మాట ఒక్కటియు చేర్చకుండ, ఒక కాగితమును జనుల ముందర పెట్టుట. నమ్ముట, నమ్మకుండుట మన యిష్టము. చూడలేదని చెప్పుటకు మాత్రము ఇక వీలులేదు.

నేను పుస్తకమును తీసికొని పెద్దయ్యగారి యింటికి వెళ్లితిని. వాకిట మంచముపై కూర్చుండి యుండిరి. ముందు రజ్వీని గూర్చి నూరానీగారు వ్రాసినది తెలుగున చెప్పితిని. తలయూచిరి. తరువాత నివేదికను మొదలుపెట్టితిని. లేచి పోవుదురేమో యని భయపడితిని. పోలేదు. కొన్నిచోట్ల హిందువులు తమ ముస్లిము పొరుగువారిని ప్రాణములకు తెగించి కాచిరనియు, ముఖ్యముగ ఒకే వృత్తివారి నడుమ ఆ ఆపేక్ష ఎక్కువగ కనబడెననియు, హిందూ సాలెవారు ముస్లిము సాలెవారిని కాపాడబోయి తామే ప్రాణములు పోగొట్టుకొన్న సంగతియు అందులో వ్రాసి యున్నవి. అచ్చట వారు చేయి ఎత్తి నన్ను ఆపిరి.

"మనూరు పేరున్నదా అండ్ల?"

"లేదు పెద్దయ్యా. వాళ్ళు చూసింది ఇరువైమూడు ఊర్లే."

చాలసేపు మాటలాడలేదు. పిమ్మట మసీదుగడ్డ మీద మూడిండ్లుండెడివని చెప్పిరి. మూడు పేర్లు చెప్పిరి. ఒక యింటివాడు తమతో గోళీలాడిన పిల్లవాడట. "యాడికి పోయిన్రో మీ తాతకే ఎరుక పంతులూ" అనిరి.

మా తాతగారు 1948లో ఈ ఊరికి పట్వారీ. వారి దఫ్తరము బస్తా ఎఱ్ఱగుడ్డలో కట్టి మా అటకమీద నుండెను. 1357 ఫసలీ నాటి పహాణీ ఉర్దూలో నున్నది. నాకు అక్షరములు మాత్రమే వచ్చును. పొరుగూరి విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుని పిలిచి చదివించితిని. పెద్దయ్యగారు చెప్పిన మూడు పేర్లును అందులో నున్నవి. మూడు సర్వే నంబర్లు, కలిసి 11 ఎకరముల 20 గుంటలు. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో ఆ నంబర్లకు ఎదురుగ వేఱు పేర్లున్నవి. మొదటి రెండింటి సంగతి ఇచ్చట చెప్పను. వారి కుటుంబములవారితో ముందుగ మాటలాడవలెను. మూడవదానికి ఎదురుగ మా తాతగారి పేరే యున్నది. 2 ఎకరముల 10 గుంటలు. దానిని అమ్మియే మా నాన్నగారు మా అక్కగారి పెండ్లి చేసిరి.

తాతగారు కొనియుండవచ్చును. కొన్నచో కాగితముండవలెను. ఆయన రసీదు లేనిదే అణాయైనను ఖర్చు వ్రాయనివారు. బస్తాలోని ప్రతి కాగితమును రెండుమార్లు విప్పి చూచితిని. పన్ను రసీదులున్నవి, పెండ్లిపత్రిక లున్నవి, ఒకచోట వైద్యుడు వ్రాసిన మందుచీటియు నున్నది. క్రయపత్రము లేదు.

నూరానీగారి పుస్తకమును జమాపుస్తకమున ఎక్కించితిని. వచ్చిన సంవత్సరము 2021 అనియు, జమకట్టిన సంవత్సరము 2024 అనియు, ఆలస్యమునకు కారణము లెక్కలు వ్రాయువాని దోషమనియు రిమార్కుల గడిలో వ్రాసి సంతకము చేసితిని. దానిని మొట్టమొదట తీసికొని వెళ్లినది పెద్దయ్యగారి మనుమరాలు. మా తాతగారి బస్తాను కూడ గ్రంథాలయమునకు ఇచ్చివేసితిని. అదియు ఆ బీరువాలోనే, తాళము లేని పై అఱలో నున్నది. ఆదివారము ఉదయము ఎనిమిది గంటలనుండి నేను ఇచ్చట నుందును. ఉపాధ్యాయునికి కన్ను మందగించినది. 1357 ఫసలీవి ఇంకను ముప్పది కాగితములకు పైగ చదువవలసి యున్నవి. మీలో ఉర్దూ చేవ్రాత చదువగలవారు, లేక అట్టివారిని ఎఱిగినవారు ఉన్నచో, దయచేసి నాకు కబురు చేయుడు.